సాంచ తోలు కళ్ళెం

మా బాపు "బిడ్డా" అని పిలిస్తే ఆ వాకిట్లో రెండు తలలు తిరిగేవి. ఒకటి నాది. రెండోది నాకన్నా పొడవైనది, నాకన్నా అందమైనది, పైగా మెడ నిండా జూలున్నది. నేను తొందరపడి "ఆఁ బాపూ" అంటే, "నిన్ను గాదే, దాన్ని" అనేవాడు. నాకప్పుడు ముప్పై నాలుగేళ్ళు, ఆ గుర్రపు పిల్లకు రెండున్నర. అయినా బాపు దగ్గర గారాబంలో అదే పెద్ద బిడ్డ.

తెలంగాణ కోసం ఊరూవాడా సమ్మెలోకి దిగిన రోజులవి. బస్సులు డిపోలు దాటి రాలేదు. గొల్లపల్లిలో నేను తెలుగు చెప్పే బడికి తాళం పడింది. బడి బంద్, బండి బంద్. నా నోరొక్కటే బంద్ కాలేదని గ్రహించిన మా ఆయన, కొన్నాళ్ళు తల్లిగారింట్లో ఉండి రమ్మని జగిత్యాల నుంచి బైకు మీద తెచ్చి కోరుట్లలో దింపిపోయాడు. పొద్దున కాసేపు శిబిరంలో కూర్చుని నినాదాలిచ్చి వస్తే, మిగతా రోజంతా నాకు ఖాళీ.

బాపు ముప్పై ఏళ్ళు కోరుట్లలో టాంగా నడిపాడు. ఆటోలు వచ్చాక టాంగా కొట్టంలో మూలకు చేరింది. అప్పటి నుంచి పెళ్ళి బరాత్‌లకు గుర్రాన్ని తోలుకుపోయేవాడు. ఆ పెద్ద గుర్రం ముందటేడు చనిపోయింది. దాని పిల్లే ఇది. దాని మీద ఇంకా ఎవరూ ఎక్కలేదు, దాన్ని బండికి కట్టలేదు, దాని నోట్లో ఇనుము పెట్టలేదు. మెడకు తాడు వేసి నడిపిస్తే బాపు వెంట మేకపిల్లలా నడిచేది.

బస్సులు ఆగేసరికి జనానికి టాంగా గుర్తొచ్చింది. దవాఖానకు పోవాలని ఒకరు, మార్కెట్టుకు మూటలు వేయాలని ఒకరు. "టాంగా తియ్యరాదే పెద్దమనిషీ" అంటూ రోజుకు నలుగురైనా వాకిట్లోకి వచ్చేవాళ్ళు. పదేళ్ళుగా ఎవరూ అడగని మాట అది. బాపు నడకలో తేడా వచ్చింది. టాంగా చక్రాలకు నూనె పెట్టాడు. ఆ తర్వాత అటక మీది గోనెసంచి దించి, వాకిట్లో గుమ్మరించాడు.

మూడు కళ్ళేలు పడ్డాయి. మా బడి పుస్తకంలో అది కళ్ళెం, మా ఇంట్లో మాత్రం లగాం. నోట్లో పెట్టేదానికి కళ్ళ పేరు ఎందుకొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. పిల్లలెవరూ అడగకపోవడం నా అదృష్టం. ఒకటి నున్నటి కడ్డీ. రెండోది మధ్యలో కీలుతో రెండు ముక్కలుగా మడత పడేది. మూడోది ముళ్ళది. దాని కడ్డీకి తిరిగే బిళ్ళలు, బిళ్ళల చుట్టూ ములుకులు. పగ్గం గుంజితే అవి నాలుక మీద, పెదాల మూలల్లో దిగుతాయి. బాపు చేయి ఆ మూడోదాని మీదికే పోయింది.

నాకు నమ్మబుద్ధి కాలేదు. పెద్ద గుర్రానికి అది వేసేవాడు, నిజమే. కానీ దాన్ని కొన్నప్పుడే దాని నోరు మొద్దుబారి ఉంది. "నేను కొనకముందే సచ్చిన నోరు గది" అని బాధపడేవాడు. ఈ పిల్ల పుట్టిన రోజున దాని మూతి నిమురుతూ, "నీ నోట్లె ముల్లు పెట్టను బిడ్డా" అన్నాడు. ఆ "బిడ్డా" కూడా నన్ను కాదు కనుక నాకు బాగా గుర్తు. మొదటి లగాం ఎట్లుంటే నోరు అట్లే అవుతుందని, ఒకసారి మొద్దుబారితే ఇక దేవుడు దిగివచ్చినా మెత్తబడదని మాకు చిన్నప్పటి నుంచి చెప్పిన మనిషి ఆయన.

"బాపూ, ముల్లు పెట్టనని నువ్వే అంటివి గదా?"

"అన్న."

"మరి?"

"అప్పుడన్న. ఇప్పుడు అంటలేను."

చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతున్న మా అవ్వ, అంటే అమ్మ, తలెత్తకుండానే అందుకుంది. "నలభై ఏండ్ల సంది నా నోటికి లగాం ఎయ్యవోతే గాలే. గా మూగజీవి మీద సూపెడ్తున్నవా?"

"నువ్వు బీడీలు సుట్టు" అన్నాడు బాపు.

నేను పంతులమ్మను. మాట్లాడే అవకాశం వస్తే వదలను. జీవకారుణ్యం మీద పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. గుర్రపు పిల్ల చెవులు నిక్కబొడిచి శ్రద్ధగా విన్నది. మా తొమ్మిదో తరగతి ఏనాడూ అట్లా వినలేదు. బాపు మాత్రం మధ్యలోనే లేచి పొయ్యి దగ్గరికి పోయాడు.

పొయ్యి మీద చాయ్ పొంగుతోంది. బాపు గుడ్డ లేకుండా వట్టి చేతులతో గిన్నె పట్టుకుని దించాడు. దించి, నింపాదిగా గ్లాసుల్లో పోశాడు. నేను కేక వేశాను. ఆయన తన వేళ్ళ వంక చూసుకున్నాడు, ఎవరివో వేళ్ళు చూసినట్టు. కొసలు ఎర్రగా కమిలి ఉన్నాయి.

"ఏడాది సంది గంతే" అన్నది అవ్వ. చేతిలో బీడీ అట్లాగే ఆగిపోయింది. "షుగరు. అరచేతుల సూది గుచ్చినా తెల్వది. నీకు చెప్పద్దన్నడు."

బాపు గ్లాసు నా ముందు పెట్టి కూర్చున్నాడు. "పగ్గం చేతుల ఉంటే గుర్రం ఏమంటున్నదో తెల్వాలె. నాకు తెల్వది. అది గుంజినా తెల్వది, నేను గుంజినా తెల్వది. బజార్ల పిల్లలుంటరు, ముసలోల్లుంటరు. అది బెదిరి ఉరికితే ఎట్ల ఆపాలె? ముల్లుంటే అదే ఆగుతది."

అప్పటిదాకా నేను ఉపన్యాసం ఇచ్చింది కోపానికి. అక్కడున్నది భయం. తప్పు ప్రశ్నకు పావుగంట జవాబు రాసిన విద్యార్థిలా కూర్చుని, "పగ్గం నేను పట్టుకుంట" అన్నాను.

అవ్వ నవ్వింది. బాపు నవ్వలేదు గానీ నవ్వినంత పని చేశాడు. "నువ్వా? దాని తోక ఊగితెనే తలుపు పెట్టుకుంటవ్."

"నేర్పు."

బాపు తల తిప్పాడు. టాంగా వంక చూశాడు. నూనె పెట్టిన చక్రాలు మెరుస్తున్నాయి. వాకిట్లోకి అప్పుడే ఎవరో వచ్చి టాంగా అడిగారు. "లేదు. బిడ్డ ఇంక సిన్నది. నోరు గాలే" అని పంపించేశాడు. ఆ తర్వాత వచ్చిన వాళ్ళందరికీ అదే మాట చెప్పాడు.

నున్నటి కడ్డీ, కీలుది రెండూ పెద్ద గుర్రం కొలతవి. దీనికి వెడల్పు. వెడల్పైతే కడ్డీ అటూ ఇటూ జారుతూ పెదాల మూలలు ఒరుస్తుందట. బాపు అవ్వ దగ్గర బీడీలకు కట్టే దారం తీసుకుని, పిల్ల నోట్లో అడ్డంగా పెట్టి, పెదాల మూలల దగ్గర రెండు ముళ్ళు వేశాడు. ఆ ముళ్ళు మాత్రం ఎవరికీ గుచ్చుకోవు. కొలతైతే దొరికింది, కళ్ళెం ఎక్కడ దొరకాలి? కోరుట్లలో అవి చేసే చేతులు లేకుండా పోయి చాలా ఏళ్ళయింది. హైదరాబాదుకు దారి లేదు. సిరిసిల్లలో ఉన్న మా అక్కకు ఫోన్ చేస్తే, బావ లైనులోకి వచ్చి, "దారం పట్టుకుని రా మరదలా. మాకాడ తోలున్నది" అన్నాడు.

మా ఆయనను పిలిపించి, ఆయన బైకు వెనక కూర్చుని, పర్సులో బీడీ దారంతో బయలుదేరాను. చందుర్తి దగ్గర ఉద్యమం వాళ్ళు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. మమ్మల్ని ఆపారు. ఎటు పోతున్నారని అడిగితే, దాచడం చేతకాక ఉన్నదున్నట్టు చెప్పాను.

"లోకమంత రోడ్డు మీదుంటే, గుర్రం మూతికి కొలతలు తీస్కపోతున్నవా?" అని ఒకామె పడీపడీ నవ్వింది. ఇంకో ముసలమ్మ విస్తరి నా చేతిలో పెట్టి, పప్పు పోస్తూ, "మెత్తగ చేపియ్యి బిడ్డా. ఎవరి నోరైన నోరే" అన్నది. ఈసారి "బిడ్డా" నన్నే. ఇంకో గరిటె పప్పు వేయించుకున్నాను.

సిరిసిల్లలో బావ నడిపే మరమగ్గాలు, అక్కడి వాళ్ళు సాంచలంటారు, సమ్మె వల్ల ఆగి ఉన్నాయి. ఆ షెడ్డులో మామూలుగా మనిషి మాట మనిషికి వినపడదు. ఆ రోజు గోడ మీద బల్లి అరిస్తే వినపడింది.

"ఏం మరదలా, గుర్రానికి ముక్కెర చేపిస్తున్నవా?"

"ముక్కెర ముక్కుకు బావా. ఇది నోటికి."

"నోటికైతే ముందు నీకే కావాలె" అని మా ఆయన వంక చూసి కన్నుగీటాడు. మా ఆయన సమ్మెలో ఉన్న మనిషి కనుక నోరు విప్పలేదు.

సాంచలో పేక దారం మోసే నాడెను అటూ ఇటూ కొట్టే కర్రకు ఒక తోలు పట్టా ఉంటుంది. అది అరిగితే తీసి మూలన పడేస్తారు. ఆ కుప్పలోంచి బావ ఒకటి ఏరి, వేళ్ళతో మడిచి చూపించాడు. బట్టలా మడత పడింది. "రోజుకు ఎన్ని వేల దెబ్బలు తింటదో దీనికే తెలుసు. గందుకే గింత మెత్తగైంది. మీ అక్కను చేసుకున్నంక నేనైనట్టు." లోపలి నుంచి మా అక్క ఏదో విసిరింది. దారపు కండె కావచ్చు, గురి మాత్రం తప్పింది.

సన్నటి కడ్డీకి రెండు చివరలా ఇనుప రింగులు వేయించి, బీడీ దారం పక్కన పెట్టుకుని కొలిచి, కడ్డీ చుట్టూ తోలు చుట్టి, కుట్టు లోపలికి పోయేలా కుట్టాడు. రెండు చేశాడు. "ఒకటి మీ గుర్రానికి. ఒకటి మీ ఆయనకు."

ఇంటికి తెచ్చాక సాంచ నూనె వాసన పోయేదాకా కుంకుడు రసంతో కడిగాం. అయినా పిల్ల మూతి తిప్పేసుకుంది. పై పెదవి ఎత్తి, మమ్మల్ని తిట్టినట్టు ముఖం పెట్టింది. మా ఇళ్ళలో ఏ పని మొదలుపెట్టినా నోరు తీపి చేయడం ఆనవాయితీ. అవ్వ బెల్లం ముక్క తెచ్చింది. ముక్క పిల్లకు పెట్టి ఊరుకుంటే సరిపోయేది. తెలివి ఎక్కువైన నేను దాన్ని నీళ్ళలో కరిగించి తోలుకు పట్టించాను. పిల్ల నోరు తెరిచి కళ్ళేన్ని అందుకుంది. మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకుని మురిసిపోయాం. దాన్ని అట్లాగే వదిలి చాయ్ తాగి వచ్చేసరికి తోలు సగం లేదు.

"బిడ్డకు లగాం ఎయ్యమంటే తినవెడ్తివి గదనే!" బాపు కడుపు పట్టుకుని నవ్వాడు. "సిరిసిల్లనే మింగింది!" నేను వచ్చిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. ఆ లెక్కన నా తెలివి వృథా కాలేదు.

మర్నాడు మా ఆయన వంతు కళ్ళేన్ని బెల్లం లేకుండా పెట్టాం. బాపు దాని పెదవి మూలలో బొటనవేలు పెట్టగానే నోరు తెరిచింది. చప్పరించింది, నాలుకతో అటూ ఇటూ దొర్లించింది, నురుగు తెచ్చుకుంది. మంచి గుర్తే అన్నాడు. కానీ నేను వెనక నడుస్తూ కుడి పగ్గం కొంచెం కదిపితే చాలు, తల విసిరి పక్కకు దుంకేది. ఎడమ వైపు ఏమీ లేదు. మూడు రోజులు ఇదే తంతు. లోపం నా చేతిలోనే ఉందనుకున్నాను. ఎక్కడ ఏం తప్పినా మొదట నన్నే అనుమానించుకోవడం నాకు అలవాటు, సాధారణంగా సరిగ్గానే తేలుతుంది కూడా.

"నీ చెయ్యి గాదు" అన్నాడు బాపు. "దాని నోట్లె ఏందో ఉన్నది. నేనైతే ఏలు పెట్టి సూసెటోన్ని..." ఆగి, తన చేయి చూసుకున్నాడు. "నువ్వు పెట్టు."

"నేనా?"

"మూల కాడికెల్లి పోనియ్యి. ఆడ పండ్లుండయి."

"ఉంటే?"

"ఉంటే ఏలుండది. కానియ్యి."

కళ్ళు మూసుకుని వేలు పెట్టాను. వెచ్చగా, జారుడుగా ఉంది. నాలుక వచ్చి నా వేలిని పలకరించి పోయింది. ముందరి పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య వట్టి చిగురే ఉంటుంది. కళ్ళెం కూర్చునేది ఆ ఖాళీలోనే. బాపు పిల్ల తల పట్టుకుని, నా ముఖం చూస్తూ, తాను చేయలేని పని మాటతో చేయించాడు. "ఇంక మీదికి. దవడ పండ్ల ముంగట. నిమ్మలంగ."

కుడి వైపు, పైన, దవడ పళ్ళు మొదలయ్యే ముందు వేలికి ఏదో తగిలింది. జొన్నగింజంత. గట్టిగా ఉంది. నొక్కగానే పిల్ల వణికింది.

"ఉన్నది బాపూ. చిన్న పన్ను. మొన తేలింది."

"కదులుతున్నదా?"

"లేదు."

బాపు పిల్ల తల వదిలి నేల మీద కూలబడ్డాడు. "లగాం దానికే తగులుతున్నది. ముల్లుది ఏసి ఉంటే తల ఇసిరేది. నేను పొగరనుకుందును. కొడ్దును బిడ్డా." అవ్వ వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

పశువుల డాక్టరు సారు కూడా సమ్మెలోనే ఉన్నారు. ఆ రోజు రిలే దీక్షలో ఆయన వంతు. మెడలో దండతో శిబిరంలో కూర్చుని ఉన్నారు. గుర్రపు పిల్లను అక్కడికే తోలుకుపోయాం. చుట్టూ నినాదాలు, డప్పులు. పిల్ల నా భుజం మీద గడ్డం ఆనించి నిలబడింది, నేనేదో ధైర్యవంతురాలినైనట్టు.

"డ్యూటీ చెయ్యనమ్మా, సమ్మె గదా" అన్నారు సారు.

"డ్యూటీ వద్దు సార్. ఒక్కపాలి నోరు సూడుండ్రి" అన్నాడు బాపు.

"సూసుడు డ్యూటీ గాదు" అని దిగి వచ్చి, టార్చి వేసి చూశారు. పిల్ల ఆయన దండలో బంతిపూలు రెండు తినేసింది. "నేను ఉపాసమున్న, ఇది నా ముంగట్నే తింటున్నది సూడు" అని నవ్వించి, సాయంత్రం నిమ్మరసం తాగి దీక్ష విరమించాక మా ఇంటికి వచ్చారు. డ్యూటీకి కాదు, చాయ్‌కి వచ్చానని రెండుసార్లు చెప్పి, మత్తు సూది ఇచ్చి, ఆ పన్ను తీసేసి, చాయ్ తాగకుండానే వెళ్ళిపోయారు.

చిగురు మానేదాకా ఆగాం. తర్వాత మళ్ళీ తోలు కళ్ళెం పెట్టి, ఇంటి వెనక పసుపు చేను గట్టు మీద నడిపించడం మొదలుపెట్టాం. బాపు ముందు, పిల్ల మధ్యలో, పగ్గాలతో నేను వెనక. ఈసారి కుడికైనా ఎడమకైనా ఒకేలా తిరిగేది. కష్టమంతా నాతోనే.

"గుంజకే. అడుగు. అది ఇచ్చినంక ఇడిసిపెట్టు" అనేవాడు బాపు. పన్నెండేళ్ళుగా పాఠాలు చెబుతున్నానేమో, జవాబు వచ్చాక కూడా అడుగుతూనే ఉండడం నాకు అలవాటైపోయింది. ఆ దురలవాటు మాన్పించడానికి పిల్లకు పది రోజులు పట్టింది. ఆ తర్వాత వేళ్ళు కొంచెం ముడిస్తే చాలు, అటు నుంచి ఒక మెత్తటి బదులు వచ్చేది. అది దాని నాలుక కదలిక అని బాపు చెప్పాడు. చెబుతూ నా వేళ్ళనే చూశాడు.

సమ్మె ముగిసింది. బస్సులు కదిలాయి. టాంగా అడిగే వాళ్ళు మళ్ళీ మాయమయ్యారు. బాపు ఆ సంగతే ఎత్తలేదు. బడి తెరుస్తున్నారని కబురు వచ్చింది. నేను పోతే పగ్గం పట్టేదెవరు? మెత్తటి నోరైతే తయారైంది, అది చెప్పేది వినే చేయి ఆ ఇంట్లో ఇక ఉండదు. పోవలసిన రోజు పొద్దున బాపు తానే పగ్గాలు పట్టుకున్నాడు. నన్ను పిల్ల తల దగ్గర నిలబడి, దాని పెదాల మూలలు చూసి చెప్పమన్నాడు.

నాలుగడుగులు వేశాం.

"గుంజుతున్ననా?"

"గుంజుతున్నవ్ బాపూ."

"ఇప్పుడు?"

"ఇంక గుంజుతున్నవ్."

మొత్తం వదిలేశాడు. పిల్ల ఏం చేయాలో తెలియక ఆగి, వెనక్కి తిరిగి చూసింది. బాపు పగ్గాలు భుజం మీద వేసుకుని, చేతులు చూసుకుంటూ నిలబడ్డాడు. నేను ఇంకో వారం సెలవు పెడతానన్నాను. వద్దన్నట్టు తల ఊపాడు.

తర్వాత చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచాడు. పగ్గాలను చేతుల్లోకి తీసుకోలేదు. ముంజేతుల మీదుగా వేసుకుని, మోచేతి మడతల్లో ఆనించి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు చేతులు ముడిచాడు. "నడు" అన్నాడు. పిల్ల నడిచింది. గట్టు మలుపు దగ్గర కుడి మోచేయి కొంచెం వెనక్కి జరిపాడు. అది కుడికి తిరిగింది. దాని పెదవి మూల మీద ముడత కూడా పడలేదు. చెప్పడానికి నేను నోరు తెరిచాను.

"ఆగు" అన్నాడు బాపు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. "నాలిక ఆడిస్తున్నది. తెలుస్తున్నది."

నేను పిల్ల ముఖం మీది నుంచి చేయి తీసి, గట్టు దిగి పక్కకు నిలబడ్డాను. వాళ్ళిద్దరూ చేను చివరిదాకా పోయి, తిరిగి వచ్చారు.